శబ్దము, చూపు, అవధానము

కన్ను తెఱచియున్నంత మాత్రమున వస్తువు కనబడదు. మనస్సు వేఱొకచోట నుండుటచే చూడలేదనియు, వినలేదనియు లోకులు చెప్పుకొను మాటను ఆధారముగా గొని, చూచునదియు వినునదియు మనస్సుచేతనే యని బృహదారణ్యకోపనిషత్తు నిరూపించినది. న్యాయసూత్రకారుడు దీనికి యుక్తిరూపము నిచ్చెను. ఇంద్రియములు పెక్కు విషయములతో ఒకేసారి సంబంధించియున్నను జ్ఞానములు ఒకేసారి కలుగవు; కావున వానికి క్రమము నేర్పఱచు మనస్సు ఒకటి కలదని అనుమింపవలెను. గిరగిర త్రిప్పిన కొఱవి చక్రమువలె తోచునట్లు, జ్ఞానములును వేగమువలన ఏకకాలికములుగా తోచునని అతని సమాధానము.

ఇక చూపునందు శబ్దమునకు గల స్థానమెట్టిది? ఈ విషయమున మూడు పక్షములు ప్రసిద్ధములు. 5వ శతాబ్దివాడైన భర్తృహరి, శబ్దము వెన్నంటని జ్ఞానము లోకమున లేదని వాక్యపదీయమున ప్రతిపాదించెను. బౌద్ధాచార్యుడగు దిఙ్నాగుడు, నామజాత్యాదుల కల్పన సోకనిదే ప్రత్యక్షమనెను. 7వ శతాబ్దిలో కుమారిలభట్టు ఈ రెంటికిని నడుమ నిలిచెను. మొదట శిశువులకును మూగవారికిని కలుగునట్టి ఆలోచనజ్ఞానము కలుగును. ఇచట ఆలోచనమనగా కేవలము చూచుటయే. పిమ్మట జాత్యాదులతో నిశ్చితమగు జ్ఞానమును ప్రత్యక్షమే యని అతని మతము. ఈ నిర్వికల్పక సవికల్పక విభాగమునే 17వ శతాబ్దిలో ఆంధ్రుడైన అన్నంభట్టు న్యాయమతానుసారముగా తర్కసంగ్రహమున బాలబోధకై సంగ్రహించెను.

ఈ వాదములు అనుభవమును, అనుమానమును ఆశ్రయించినవి. కాలమును, కంటి కదలికను కొలిచి ఈ ప్రశ్నను పరీక్షించుట ఇరువదవ శతాబ్దిలో సాధ్యమైనది. 1935లో స్ట్రూప్ ప్రకటించిన పరిశోధనలో నూఱు రంగు చదరముల రంగులు చెప్పుటకు సగటున 63 సెకనులు పట్టెను. ఒక రంగు పేరును వేఱొక రంగు సిరాతో అచ్చువేసి, సిరా రంగునే చెప్పుమన్నపుడు 110 సెకనులు పట్టెను. చదువ నక్కఱలేని మాటయే చూపునకు అడ్డు తగిలినది. యార్బస్ 1965లో రష్యన్ భాషలో ప్రకటించిన గ్రంథమున మఱియొక విశేషము కలదు. రేపిన్ వ్రాసిన చిత్రము నొకదానిని ఒకే వ్యక్తికి చూపి, వేర్వేఱు ప్రశ్నలడుగగా, ప్రశ్న మాఱినకొలది అతని చూపు నడచిన త్రోవ మాఱెను.

1995లో టానెన్‌హౌస్ బృందము ఈ సంబంధమునకు రెండవ ముఖమును చూపినది. తువాలుపైనున్న ఆపిలుపండును పెట్టెలో నుంచుమను ఆంగ్లవాక్యమున, తువాలు అను మాట పండున్న చోటును తెలుపుచున్నదో, ఉంచవలసిన చోటును తెలుపుచున్నదో వినగానే తేలదు. ఎదుట ఒకే పండున్నపుడు శ్రోతల చూపు వేఱుగా నున్న ఖాళీ తువాలుపైకి తఱచుగా పోయెను. రెండు పండ్లున్నపుడు అట్లు పోవుట అరుదాయెను. అనగా మాట చూపును నడపుటయే గాక, చూపును వాక్యార్థమును నిర్ణయించుచున్నది.

అయినను ఈ బంధము అందఱియందును ఒకే తీరున నుండదు. హిందీ మాటలాడువారిపై జరిగి 2012లో ప్రకటితమైన పరిశోధనలో, బాగుగ చదువుకొన్నవారు విశేషణము వినినంతనే రాబోవు వస్తువువైపు చూచిరి. చదువు కొఱవడినవారు వస్తువు పేరు విన్న పిమ్మటనే చూచిరి. వారు భాష నెఱుగనివారు కారు, కొఱవడినది పఠనాభ్యాసము.

ప్రాచీనులు ఈ ఫలితములను ముందే కనుగొనిరనుట చరిత్ర కాదు. నైయాయికుల మనస్సు ఒక ద్రవ్యము. నేటి శాస్త్రమున అవధానము ఒక వ్యాపారము. కాని వారు వేసిన ప్రశ్న సజీవము. మూడు పక్షములవారును చూచువానిని సామాన్యముగా గ్రహించి వాదించిరి. చదువు చూచువానినే మార్చునని నేటి పరిశోధన సూచించుచున్నది. విశేషణము ముందును, క్రియ చివరను వచ్చు తెలుగు వాక్యము ఈ పరిశీలనకు మిక్కిలి అనువైన క్షేత్రము. బడిలో అక్షరము నేర్పు ఉపాధ్యాయుడు చదువుటను మాత్రమే కాదు, చూచుటను గూడ నేర్పుచున్నాడు.