శరీరమే చుక్కాని: మైక్రోలైటు విమానం కథ

పెద్ద జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లకు మించిన వేగంతో, సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పోతుంది. దాని కిటికీలోంచి చూస్తే కింద ఉన్నది ఊరో అడవో పోల్చుకోవడమే కష్టం. మైక్రోలైటు సంగతి వేరు. అది గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంతో పొలాల మీదుగా తాపీగా సాగిపోగలదు. గుడ్డ రెక్క ఉన్న మైక్రోలైటులో మీరు మొదటిసారి కూర్చున్నారనుకోండి. చుట్టూ గోడలుండవు, తలుపులుండవు. తలపైన ఒక రెక్క, వీపు వెనక ఒక చిన్న ఇంజను, చేతిలో ఒక అడ్డకడ్డీ. అంతే! ఈ మూడింటికీ వేరువేరు చరిత్రలున్నాయి. వీటిలో చూడటానికి అతి సామాన్యమైనది కడ్డీ. కాని అలాంటి కడ్డీ లేని రోజుల్లో ఒక గొప్ప పరిశోధకుడు ప్రాణమే పోగొట్టుకున్నాడు.

కాళ్లు ఊపి నడిపిన గ్లైడరు

ఒట్టో లీలియెంతాల్ (1848–1896) జర్మన్ ఇంజనీరు. పక్షుల రెక్కలను ఏళ్ల తరబడి పరిశీలించి 1889లో ఒక గ్రంథం ప్రచురించాడు. 1891 నుంచి తానే తయారుచేసుకున్న గ్లైడర్లతో కొండవాలు మీదుగా పరుగెత్తి గాలిలోకి లేచేవాడు. విల్లో కర్రలతో చట్రం, దానిమీద నూలుగుడ్డ, ఇదే ఆయన గ్లైడరు. అభ్యాసం కోసం 1894లో బెర్లిన్ దగ్గర మట్టితో ఒక గుట్ట కూడా కట్టించుకున్నాడు. మొత్తం మీద సుమారు 2000 సార్లు ఎగిరాడు. అన్నిటిలోకీ పొడవైన ప్రయాణం దాదాపు 250 మీటర్లు.

గాలిలో ఉన్నప్పుడు గ్లైడరును ఆయన ఎలా తిప్పేవాడు? తన శరీరం బరువుతో. మనిషి పక్కకు జరిగితే గ్లైడరు, మనిషి కలిసిన మొత్తం బరువు కేంద్రం, అంటే గరిమనాభి, జరుగుతుంది. బరువు ఎటు జరిగితే గ్లైడరు అటు వాలుతుంది. సూత్రం సరైనదే. చిక్కల్లా అమలులో వచ్చింది. లీలియెంతాల్ చట్రంలో చేతులు దూర్చి, చంకల దగ్గర ఆనుకొని వేలాడేవాడు. కాబట్టి నడుమునూ కాళ్లనూ తప్ప దేహాన్నంతా జరపడానికి వీలుండేది కాదు.

1896 ఆగస్టు 9న ఒక గాలితెర ఆయన గ్లైడరు ముక్కును పైకెత్తింది. వేగం తగ్గిపోయింది. ముక్కును దించడానికి కాళ్లను ముందుకు విసిరినా, ఆ కాస్త బరువు చాలలేదు. సుమారు 15 మీటర్ల ఎత్తునుంచి గ్లైడరు కూలింది. వెన్నెముక విరిగిన లీలియెంతాల్ మర్నాడు కన్నుమూశాడు.

ఈ మరణవార్తే రైట్ సోదరులలో విమానాల పట్ల ఆసక్తిని తిరిగి రగిల్చింది. అయితే వారు శరీరాన్ని జరిపే పద్ధతిని వదిలేసి, రెక్కల అంచులను మెలితిప్పే పద్ధతిని కనిపెట్టారు. 1903లో వారి ఇంజను విమానం ఎగిరింది. ఆ తరువాత విమానయానమంతా ఆ బాటలోనే సాగింది. లీలియెంతాల్ పద్ధతి దాదాపు అరవయ్యేళ్లు మూలబడింది.

వంటింటి కర్టెన్లతో రెక్క

ఇక రెక్క కథ. ఫ్రాన్సిస్ రొగాలో అమెరికా ప్రభుత్వ వైమానిక పరిశోధనశాలలో ఇంజనీరు. తక్కువ ఖర్చుతో, మడిచి పెట్టుకోగలిగే రెక్క ఒకటి చేయాలని ఆయన కోరిక. 1948లో ఆయనా, భార్య గెర్ట్రూడ్ కలిసి ఇంట్లోనే ప్రయోగాలు చేశారు. గాలి కోసం ఫ్యాను, గుడ్డ కోసం వంటింటి కర్టెను! గాలిపటంలా వంగుతూ, గాలి ఒత్తిడితో తన ఆకారాన్ని తానే నిలుపుకునే రెక్క తయారైంది. 1951లో దానికి పేటెంటు వచ్చింది.

అంతరిక్షం నుంచి తిరిగివచ్చే జెమిని నౌకలను ఈ రెక్కతో నేలకు దించాలని నాసా 1960లలో పరీక్షలు జరిపింది. చివరకు పారాచూట్లే మేలని ఆ ఆలోచన మానుకుంది. కాని అప్పటికే రొగాలో రెక్క బొమ్మలు పత్రికల్లో పడి ప్రపంచమంతా తిరిగాయి.

నదిమీద దొరికిన పరిష్కారం

ఆ బొమ్మల్లో ఒకటి ఆస్ట్రేలియాలోని గ్రాఫ్టన్ అనే చిన్న పట్టణంలో జాన్ డికెన్సన్ కంటపడింది. అక్కడ క్లారెన్స్ నదిలో మోటారు పడవల వెనక తాడు పట్టుకొని నీటిమీద జారే క్రీడాకారులుండేవారు. వారిలో కొందరు బల్లపరుపు గాలిపటాలకు వేలాడుతూ గాలిలోకి లేచేవారు. ఆ గాలిపటాలు అదుపులో ఉండేవి కావు. 1963లో ఊరి పండుగ ప్రదర్శన కోసం డికెన్సన్ రొగాలో తరహా రెక్కను తయారుచేశాడు. దానికి రెండు మార్పులు జోడించాడు.

మొదటిది, మనిషిని చట్రానికి బిగించకుండా, రెక్క మధ్యలో ఒకే ఒక చోటినుంచి ఉయ్యాలలా వేలాడదీశాడు. రెండోది, రెక్కకు కిందుగా త్రికోణాకారపు చట్రం ఒకటి గట్టిగా బిగించి, దాని అడుగు కడ్డీని మనిషి చేతికిచ్చాడు. ఉయ్యాలలో కూర్చుని ఎదుటి గోడను చేత్తో నెడితే ఏమవుతుంది? మీరు వెనక్కి పోతారు. ఇక్కడా అంతే. కడ్డీని ముందుకు నెడితే దేహమంతా వెనక్కి జరిగి రెక్క ముక్కు లేస్తుంది. దగ్గరకు లాక్కుంటే దేహం ముందుకు వచ్చి ముక్కు దిగుతుంది. కడ్డీని కుడికి నెడితే దేహం ఎడమకు జరిగి, రెక్క ఎడమకు తిరుగుతుంది. లీలియెంతాల్ కాళ్లను మాత్రమే జరపగలిగాడు. డికెన్సన్ మొత్తం మనిషినే చుక్కాని చేశాడు. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య 2012లో ఆయనకు స్వర్ణపతకం ఇచ్చి గౌరవించింది.

ఇంజను వచ్చింది

ఇక మిగిలింది ఇంజను. 1970ల మధ్యలో అమెరికాలో జాన్ మూడీ తన హ్యాంగ్ గ్లైడరుకు 12 అశ్వశక్తి చిల్లర ఇంజను అమర్చి ఎగిరాడు. 1976లో ఓష్‌కోష్ వైమానిక ఉత్సవంలో, తన కాళ్లతోనే పరుగెత్తి లేచి జనాన్ని ఆశ్చర్యపరిచాడు. 1970ల చివరికి ఇంజనూ, సీటూ, మూడు చక్రాలూ ఉన్న చిన్న బండిని రెక్క కింద వేలాడదీయడం మొదలైంది. దీన్నే ట్రైక్ అంటారు. 1982లో అమెరికా నిబంధనలు రాసింది: ఒకే మనిషి, ఖాళీ బరువు 115 కిలోల లోపు, పగటిపూటే ఎగరాలి, జనం కిక్కిరిసిన చోట్ల మీదుగా పోరాదు. అనేక దేశాల్లో రెండు సీట్ల మైక్రోలైటు మొత్తం బరువుకు చాలాకాలం 450 కిలోల హద్దు ఉండేది.

బరువు మీద ఇంత పట్టుదల ఎందుకు? రెక్క ఇచ్చే ఎత్తుడు బలం రెక్క వైశాల్యాన్నీ, వేగం వర్గాన్నీ అనుసరించి ఉంటుంది. అదే రెక్కతో బరువు నాలుగో వంతుకు తగ్గితే, గాలిలో నిలవడానికి కావలసిన వేగం సగానికి తగ్గుతుంది. దిగేటప్పుడు వేగం సగమైతే, నేలను తాకే శక్తి ఇంకా తక్కువ. నిదానంగా ఎగరడమనే సుగుణం తేలికదనం నుంచే పుట్టింది. 1993లో కెనడాలో బిల్ లిష్మన్ పెద్దబాతుల గుంపుకు ముందు తన విమానం నడిపి వాటికి అమెరికాలోని వర్జీనియా దాకా వలసదారి చూపగలిగాడంటే, ఆ విమానం పక్షి వేగంతో ఎగరగలగడమే కారణం.

మీరు ఎక్కినప్పుడు

తేలికదనానికి మూల్యం కూడా ఉంది. ఎండెక్కాక దున్నిన చేలూ, బండలూ త్వరగా వేడెక్కుతాయి. చెరువులు చల్లగా ఉంటాయి. అందువల్ల గాలి ఒకచోట లేస్తుంది, ఒకచోట దిగుతుంది. పెద్ద విమానానికి చిన్న కుదుపులా అనిపించేది మైక్రోలైటును ఎత్తి పడవేయగలదు. అందుకే తొలిసారి ఎక్కేవారిని పొద్దున్నే గాని, ఎండ తగ్గాక గాని తీసుకువెళ్తారు. ఆ వేళ కింద చేనుగట్లూ, చెరువు తూములూ, బావి మోటార్లూ విడివిడిగా కనిపిస్తాయి.

ముక్కు మరీ పైకి లేచి వేగం పడిపోతే రెక్క మీది గాలి ప్రవాహం చెదిరి, ఎత్తుడు బలం పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. లీలియెంతాల్‌ను బలిగొన్నది ఇదే. మీకు భయం వేసినప్పుడు కడ్డీని దూరంగా నెట్టబుద్ధి పుడుతుంది. సరిగ్గా అదే చేయకూడదు. కడ్డీని దగ్గరకు లాక్కుంటే ముక్కు దిగి, వేగం పెరిగి, రెక్కకు మళ్లీ పట్టు దొరుకుతుంది. అందుకు కింద తగినంత ఎత్తు మిగిలి ఉండాలి. శిక్షకుడు దీన్ని నేర్పకుండా ఎవరినీ ఒంటరిగా పంపడు.

మైక్రోలైట్లన్నీ గుడ్డ రెక్కవే కావు. మామూలు విమానంలా స్టిక్‌తో, తోక చుక్కానితో నడిచేవీ ఉన్నాయి. మన ఎన్.సి.సి. వైమానిక విభాగం కాడెట్లు తొలిసారి గాలిలోకి లేచేది ఇలాంటి వాటిలోనే. 1988లో విజయ్‌పత్ సింఘానియా లండన్ దగ్గరి బిగ్గిన్ హిల్ నుంచి ఢిల్లీ వరకు మైక్రోలైటులోనే ఒంటరిగా 23 రోజుల్లో వచ్చాడు. మన దేశంలో మైక్రోలైటు నడపడానికి లైసెన్సూ, అనుమతులూ తప్పనిసరి.

మీ కళాశాలలో ఎన్.సి.సి. వైమానిక విభాగం ఉంటే విచారించండి. అవకాశం వచ్చిన రోజున శిక్షకుణ్ణి ముందుగా ఒక ప్రశ్న అడగండి: "ఈ విమానం ఏ వేగం దగ్గర స్టాల్ అవుతుంది?" లీలియెంతాల్ కాలంలో దానికి జవాబు చెప్పగలవారు లేరు. నేడు అది వేగమానిని మీద గుర్తుపెట్టి ఉండే అంకె.