విద్యుత్సంధి చరిత్ర



నేను జీవితమంతయు పిల్లలకు సంధులు చెప్పినవాడను. రెండు వర్ణములు కలియుచోట నియమము తప్పినచో పదము చెడును. పదము చెడినచో అర్థము చెడును. బ్యాటరీకిని తీగకును నడుమ గల సంధియు నట్టిదే యని మాత్రము వార్ధక్యమున నేర్చుకొంటిని. నేటి ప్రసంగము ఆ సంధిని గూర్చియే.

గడచిన కోతలనాడు మా తమ్ముని కుమారుని ట్రాక్టరు కదలలేదు. కళ్లమున ధాన్యమున్నది, పడమట మబ్బు పట్టినది. "పెదనాన్నగారూ, బ్యాటరీ పోయిందండీ" యని వాడు పట్టణమునకు పోయి క్రొత్తది కొనితెచ్చెను. పది దినములు గడువకముందే మరల నదే కథ. ఆ సాయంకాలము పొరుగువారి ట్రాక్టరును ప్రక్కన నిలిపి, రెండు తీగలతో ఆ బ్యాటరీని దీనికి కలుపబోయిరి. చీకటి పడినది, తొందర యున్నది. ఎఱ్ఱతీగ ఉండవలసినచోట నల్లతీగ తగిలినది. పెద్ద మెరుపు మెరసి, క్రొత్త బ్యాటరీ మూత పగిలి, ఆమ్లము బాలుని ముఖముపై చిందెను. బోరునీరు చేరువనే యుండుటచే చాలసేపు కడిగి వైద్యుని యొద్దకు గొనిపోతిమి. దైవవశమున కన్నులు దక్కినవి. మరునాడు ఒక వృద్ధ మెకానిక్కు వచ్చి, తీగ కొననున్న క్లాంపులోని తెల్లని బూడిదవంటి చిలుమును గీకివేసి, పాత బ్యాటరీనే చార్జి చేయించి బిగించెను. ఇంజను తక్షణమే పలికెను. దోషము బ్యాటరీలో లేదు, సంధిలో నున్నది!

ఈ సంధి ఎక్కడ పుట్టినది? ఇటలీ దేశీయుడగు అలెస్సాండ్రో వోల్టా తుత్తునాగపు బిళ్లలను, వెండి బిళ్లలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్కల నుంచి, ఎడతెగని విద్యుత్ప్రవాహమును సాధించెను. ఆ సంగతిని 1800వ సంవత్సరము మార్చి నెలలో లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసి తెలిపెను. తరువాతి శోధకులు తీగలను కలుపుటకు పాదరసము పోసిన చిన్న గిన్నెలను వాడెడివారు. తీగకొనను ముంచిన కలియును, ఎత్తిన విడిపోవును. బల్లపై నది చక్కగా పనిచేసెను గాని, కుదుపులు గల బండిపై పాదరసము నిలుచునా? కావున మరతో బిగించు సంధులు వాడుకలోనికి వచ్చినవి.

1827లో జర్మనీ దేశపు గేయోర్గ్ ఓమ్ ప్రవాహమునకును నిరోధమునకును గల లెక్కను ప్రకటించెను. మన ట్రాక్టరు కథకు మూలము ఆ లెక్కయే. ఇంజనును త్రిప్పునపుడు 200 ఆంపియర్ల ప్రవాహము పారునని యనుకొందము. సంధిలో చిలుమువలన ఓములో నూరవ వంతు నిరోధమే యున్నను, 12 వోల్టులలో 2 వోల్టులు అక్కడనే నశించును. 400 వాట్ల వేడిమి ఆ చిన్నచోటనే పుట్టును. దీపములకు కావలసిన ప్రవాహము స్వల్పము గనుక దీపములు వెలుగుచునే యుండును. ఇంజను మాత్రము తిరుగదు. అందుచేతనే జనులు మోసపోవుదురు.

1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లమున నుంచి, మరల మరల నింపుకొనదగిన బ్యాటరీని నిర్మించెను. 1881లో కామిల్ ఫోర్ ఆ సీసమునకు సీసభస్మపు ముద్దను పూసి దాని శక్తిని పెంచెను. వోల్టు, ఆంపియరు అను పేరులను పారిసులోని అంతర్జాతీయ సభ స్థిరపరచినదియు ఆ యేడే. 1897లో న్యూయార్కు వీధులలో విద్యుత్తుతో నడచు బాడుగబండ్లు తిరుగసాగినవి. బండి స్థావరమునకు రాగానే ఖాళీయైన బ్యాటరీని తీసి, నిండినదానిని యంత్రములతో అమర్చెడివారు. దినమునకు పలుమార్లు కలిపి విప్పవలసినచోట మరల బిగింపు తగదు గదా!

1912లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన స్టార్టరు కాడిలాక్ కార్లలో అమరెను. చేతి కమ్మితో త్రిప్పి, అది ఎదురుతన్ని, చేతులు విరుగగొట్టుకొను బాధ దానితో తగ్గెను. బ్యాటరీపై సీసపు స్తంభము, దానిని కౌగిలించు క్లాంపు నేటికిని వాడుకలో నున్నవి. ధనధ్రువపు స్తంభము ఋణధ్రువముకంటె కొంచెము లావుగా నుండునని మీరు గమనించితిరా? ఒకదాని క్లాంపు రెండవదానికి సరిపడకుండుటకే ఆ యేర్పాటు. రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములలో, టంకము లేకయే రాగిగొట్టమును తీగపై నొక్కి పట్టించు పద్ధతి విశేషముగా ప్రబలెను. ఆ పద్ధతితో అమర్చు బలమైన త్వరితసంధులు పిమ్మట కర్మాగారములలోని బరువులెత్తు బండ్లకు నిత్యావసరములైనవి.

ఈ త్వరితసంధి యందు రెండు ముక్కలు నొకే రూపున నుండును, స్త్రీపురుషభేదము లేదు. లోపల వెండిపూత గల రాగినాలుకలు స్ప్రింగుల బలముచే నొకదానినొకటి అదిమి పట్టును. జరాసంధుని కథ మీరెరుగుదురు. వ్రక్కలు తమతమ తావుల నున్నంతవరకు అతడు మరల మరల కూడుకొనెను. భీముడు వానిని తారుమారుగా విసరగా నిక కూడలేదు. ఈ సంధియు నట్లే. సరిగా నమర్చినచో, తారుమారుగా పెట్టబోయిన కలియనే కలియదు. వేరు వేరు వోల్టుల బ్యాటరీలకు వేరు వేరు రంగుల పెట్టెలు గలవు. ఒక రంగు మరియొక రంగుతో కూడదు.

మా యింట దీనిని అమర్చునపుడు నేను దగ్గర కూర్చుండి చూచితిని. ఆ క్రమము చెప్పెదను. స్టార్టరు లాగు ప్రవాహమునకు తాళగల సంధిని, తీగను ఎన్నుకొనవలెను. మొదట ఋణధ్రువపు తీగను విప్పవలెను. ఏలయన, అది బండి యినుమునకు కలిసియుండును. అది యుండగా ధనధ్రువమును విప్పునపుడు పానా బండికి తగిలినచో మంటయే. రాగినాలుక గొట్టములో పట్టునంత మేరకే తీగతొడుగు తీయవలెను. నొక్కుటకు తగిన పరికరము వాడవలెను గాని, సుత్తితో కొట్టరాదు. నొక్కినపిదప గట్టిగా లాగి చూడవలెను. నాలుకను పెట్టెలోనికి తోయగా టక్కుమని పట్టు చిక్కవలెను. రెండు ముక్కలను కలుపుటకు ముందు మీటరుతో ధ్రువములను పరీక్షింపవలెను. పెట్టెలోనే నాలుకలు తారుమారైనచో రంగులు మనలను కాపాడవు. ధనధ్రువమునకు చేరువనే తగిన ఫ్యూజునుంచి, కడపట ఋణధ్రువమును బిగింపవలెను.

మరొక్క మాట. ప్రవాహము పారుచుండగా ఈ సంధిని లాగరాదు. బ్యాటరీ విద్యుత్తు ఒకే దిక్కున ఎడతెగక పారునది గాన, విడదీసినచోట మంట సులభముగా ఆరదు. చార్జి యగు బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడును. గాలిలో నూటికి నాలుగు పాళ్లున్నను అది యంటుకొనును. మా బాలునిపై ఆమ్లము చిందుటకు కారణమిదియే. కావున ఇంజనాపి, తీగను గాక పెట్టెను పట్టుకొని లాగవలెను.

వ్యాకరణమున కొన్ని సంధులు నిత్యములు, కొన్ని వైకల్పికములు. క్లాంపు నిత్యసంధి, ఇది వైకల్పికసంధి. రెంటికిని నియమ మొక్కటియే: కలిసినప్పుడు సందు లేక కలియవలెను. మీ యింటి పిల్లలు బండి కదలలేదని క్రొత్త బ్యాటరీకి రూకలడిగినపుడు, ముందుగా సంధిని చూడుమని చెప్పుడు. చీకటిలో, తొందరలో తీగలు పట్టుచున్నచో, దీపము తెప్పించి యిచ్చి, ఎఱుపు నలుపులను మీరే చూచి చెప్పుడు. పెద్దల కన్ను అక్కడ నుండుట పిల్లల కన్నులకు రక్ష.

సెలవు.