మట్టివాసనలో మందూ, విరుగుడూ

చోడవరం నుంచి గోవాడ వెళ్లే దారి. వాన ఇప్పుడే వెలిసింది. చెప్పులు చేతబట్టుకుని వరిమడి గట్టు మీదికి దిగారు మీరు. గుప్పున మట్టివాసన. నిజానికి అది మట్టిది కాదు, అందులో కాపురముండే స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా విడిచే జియోస్మిన్‌ది. స్ట్రెప్టోమైసిస్ పేరు గుర్తుంచుకోండి, కాసేపట్లో దానితో పనుంది. మడి అంచున నీటి మీద పాచి కట్టింది. ఓ చుక్క సీసాలో పట్టండి.

సూక్ష్మదర్శిని కింద చూస్తే, గుడ్డు ఆకారంలో పచ్చటి కణమొకటి రెండు కశాభాలు ఆడిస్తూ దూసుకుపోతోంది. గిన్నెలాంటి ఒకే ఒక్క హరితరేణువు, ఓ పక్కన ఎర్రటి కంటిచుక్క. పొడవు మిల్లీమీటరులో నూరోవంతు. బైపీసీ చదివినవాళ్లు ‘క్లామిడోమోనాస్!’ అని పైకే అనేస్తారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజగోపాల్ సుబ్రహ్మణ్యం బృందం కిరణజన్య సంయోగక్రియను శోధిస్తున్నది ఈ ప్రజాతిలోని క్లామిడోమోనాస్ రైన్‌హార్టీలోనే. ప్రయోగశాలల్లో తిరిగే ఆ రకాలు చాలావరకు 1945లో అమెరికాలోని మసాచుసెట్స్ మట్టిలోంచి తీసినదాని సంతానం.

ఇక ప్రయోగశాల బల్ల దగ్గర కూర్చోండి. చేతిలో చిన్న గొట్టం, అందులో కోట్ల పచ్చ కణాలు, కణకవచం సరిగా లేని రకం. ఆ కణాల్లోకి మీరు చేర్చదలచిన జన్యువున్న డీఎన్‌ఏ, అర మిల్లీమీటరు గాజుపూసలు అందులో వేసి యంత్రం మీద 15 సెకన్లు గిరగిరా తిప్పారు. పూసల రాపిడికి పొర చెదిరి డీఎన్‌ఏ లోపలికి జారుతుంది. కరెన్ కిండిల్ 1990లో చూపిన పద్ధతి. ఖరీదైన పరికరాలక్కర్లేదు, అందుకే నాకిష్టం.

చిక్కంతా ఆ తర్వాతే. డీఎన్‌ఏ నిలిచింది కోట్లలో ఏ కొద్దింటిలోనో. చూస్తే అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఎలా ఏరుతారు? అందుకే మీ జన్యువుకు తోడుగా ఇంకో జన్యువును పంపారు. దాన్నే సెలెక్టబుల్ మార్కర్ అంటారు. ఈ పచ్చ కణాలను చంపే పారోమోమైసిన్ అనే మందును తయారుచేసేది స్ట్రెప్టోమైసిస్ రైమోసస్. తన మందుకు తానే చావకుండా విరుగుడు ఎంజైమునూ దగ్గరుంచుకుంది. అది మందుకు ఫాస్ఫేట్ తగిలించి కోరలు పీకేస్తుంది. మీరు తోడు పంపింది ఆ ఎంజైము జన్యువునే. అది క్లామిడోమోనాస్‌లోనూ పనిచేస్తుందని 2001లో ఇరీనా సిజోవా, పీటర్ హెగెమాన్ బృందం చూపింది.

తొందరపడి వెంటనే మందు తగిలించకండి. విరుగుడు తయారుచేసుకోవడానికి కణానికి వ్యవధి కావాలి, రాత్రంతా మసక వెలుతురులో వదిలెయ్యండి. మర్నాడు మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల మందు కలిపిన అగార్ పళ్లెం మీద పరిచారు. కొద్ది రోజులకు పళ్లెమంతా పాలిపోయింది. వారం తిరిగేసరికి ఆ తెలుపు మీద అక్కడక్కడా ఆవగింజలో సగమైనా లేని పచ్చ చుక్కలు. శుభ్రం చేసిన పుల్లతో ఒకటి ఎత్తి కొత్త పళ్లెంలో గీయండి.

సంబరం మాత్రం వాయిదా వేసుకోండి. బతికిందంటే విరుగుడు జన్యువు చేరిందని మాత్రమే అర్థం. మీ అసలు జన్యువు తెగిపోయి ఉండొచ్చు, లేదా కణమే దాని నోరు నొక్కేసి ఉండొచ్చు. బయటి జన్యువులను నొక్కిపెట్టడానికి క్లామిడోమోనాస్ పెట్టింది పేరు. పీసీఆర్ చేసి చూసుకోవాలి, ఆపైన ప్రొటీను వస్తోందో లేదో తేల్చుకోవాలి.

మందులతో పనిలేని దారీ ఉంది. ఆర్జినిన్ తయారుచేసుకోలేని రకానికి ఏఆర్‌జీ7 జన్యువు అందిస్తే, ఆర్జినిన్ లేని పళ్లెం మీద అది దక్కినవే పెరుగుతాయి. 1989 నుంచీ ఉన్న పద్ధతి, పైగా అది క్లామిడోమోనాస్ సొంత జన్యువు. కాకపోతే ఆ లోపమున్న రకమే చేతిలో ఉండాలి. పారోమోమైసిన్‌కు ఆ బెడద లేదు కనుక ఎక్కువమంది అటే మొగ్గుతారు. ఆ రకం దొరికినచోట నా ఓటు ఏఆర్‌జీ7కే.