వెనకబడిన కండకు వైద్యం

జిమ్‌లో చేరిన ఆర్నెల్లకే చాలామంది పిక్కలు పెరగడం లేదనో, ఛాతీ ఒకవైపే నిండుతోందనో దిగులుపడతారు. అదంతా అద్దం పెట్టిన చిచ్చు, బలానికీ దానికీ సంబంధం లేదని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. చరిత్ర తిరగేస్తే ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. వెనకబడిన కండను వేలెత్తి చూపించింది ప్రదర్శన వేదికే, కాదనలేం. దాన్ని ముందుకు తెచ్చే విద్య మాత్రం ఆసుపత్రి మంచం దగ్గర తయారైంది.

బలశాలి కోడి రామమూర్తి గొలుసులు తెంచుతుంటే, ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకుంటుంటే జనం చూసింది కార్యాన్ని. ఆయన పిక్కల కొలత ఎవరికీ పట్టలేదు. ఆ చూపును మార్చినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది యూజెన్ శాండోను. 1901 సెప్టెంబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఆయన పెట్టిన దేహదారుఢ్య పోటీలో కండల పరిమాణం ఒక్కటే చాలదు, అన్ని భాగాలూ సమంగా ఎదిగాయా లేదా అన్నది కూడా లెక్కలోకి వచ్చింది. న్యాయనిర్ణేతల్లో షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయల్ ఒకరు. లోపాలు పట్టడానికి అంతకంటే తగినవాడు దొరకడు! తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసిన వస్తాదులకు ఈ బాధ లేదు కదా, ఒళ్లంతా సమంగానే ఎదిగేది కదా అని అడగవచ్చు. ఒళ్లంతా పనిచేసే కసరత్తులో బలమైన భాగం బలహీనమైనదాని బరువు కూడా మోసేస్తుంది. లోపం పోదు, కనబడకుండా ఉంటుందంతే.

ఆ దాగుడుమూతలకు తెర దించినవాడు థామస్ డిలోర్మ్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో షికాగోలోని గార్డినర్ సైనిక ఆసుపత్రిలో ఆయన వైద్యుడు. మోకాలు దెబ్బతిన్న సైనికుల్లో తొడ ముందు కండ చిక్కిపోయేది. అలాంటివాళ్ల చేత తేలిక బరువులతో ఎక్కువసార్లు కసరత్తు చేయించడం అప్పటి ఆనవాయితీ. కుర్రతనంలో కీళ్లవాత జ్వరంతో మంచాన పడి, తరవాత బరువులెత్తి కోలుకున్న డిలోర్మ్‌కు అది చాలదనిపించింది. రోగి పాదానికి ఇనుప బూటు కట్టించి, దానికి బరువులు తగిలించి, మోకాలు చాపించాడు. సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువెంతో చూసుకుని, కండ బలపడేకొద్దీ దాన్ని పెంచుతూ పోయాడు. ఆ పద్ధతిని 1945లో వైద్య పత్రికలో ప్రకటించాడు. 1948 నాటికి తోటి వైద్యుడు వాట్కిన్స్‌తో కలిసి దాన్ని మూడు సెట్లకు కుదించాడు: ఆ బరువులో సగంతో పదిసార్లు, ముప్పాతికతో పదిసార్లు, చివరికి పూర్తి బరువుతో పదిసార్లు. ఒక్క కండను విడదీయడం, దాని శక్తిని కొలవడం, దాని చేతనే బరువు మోయించడం అన్న మూడూ ఇక్కడ ఒకచోట చేరాయి. ఇందులో అద్దం పాత్ర ఏమీ లేదు.

దీన్ని బాడీబిల్డర్లు అందిపుచ్చుకున్నారు. బడలిక లేనప్పుడే బలహీన భాగంతో మొదలుపెట్టాలన్న సూత్రానికి జో వీడర్ నడిపిన బాడీబిల్డింగ్ పత్రికలు పేరు పెట్టి ప్రచారం చేశాయి. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ తన పిక్కలు అందరికీ కనబడాలని, తానూ సిగ్గుపడాలని ప్యాంట్లను మోకాలి కింద కత్తిరించేసుకున్నానని చెప్పుకున్నాడు. పిక్కల ఆకారం పుట్టుకతో వచ్చేది, కసరత్తుతో మారదన్న అభ్యంతరం ఇక్కడే వస్తుంది. కండ ఎక్కడ ముగిసి స్నాయువు ఎక్కడ మొదలవుతుందో పుట్టుకే నిర్ణయిస్తుంది, నిజమే. ఆ హద్దుల లోపల ఎంత మందం పెరుగుతుందన్నది మాత్రం చాలావరకు పని చేతిలోనే ఉంది. ఏ కసరత్తు ముందు చేస్తే దానిలోనే బలం ఎక్కువ పెరుగుతుందని తరవాతి పరిశోధనలూ చూపించాయి.

అయితే వేదిక మాత్రం అన్నిసార్లూ ఈ సమతూకం లెక్కకు కట్టుబడలేదు. 1981 మిస్టర్ ఒలింపియా బాడీబిల్డింగ్ పోటీలో తొడలకు సాటిలేని టామ్ ప్లాట్జ్‌కు మూడో స్థానం దక్కింది. గెలిచిన ఫ్రాంకో కొలంబు 1977లో కాలికి తీవ్రమైన గాయం చేసుకున్నవాడు. ఆయన కాళ్లు వెనకబడి ఉన్నాయన్న విమర్శ ఇప్పటికీ ఉంది. సమతూకం కోసమే పుట్టిన వేదిక అప్పుడప్పుడు దాన్ని మరిచిపోతుంది. మోకాలు దెబ్బతిన్న సైనికుడికి ఆ వెసులుబాటు లేదు, తొడకండ తిరిగి రాకపోతే నడక కుదరదు. అందుకే ఈ విద్యకు పేరు పెట్టిన ఘనత వీడర్‌కు ఇచ్చినా, విద్య ఇచ్చిన ఘనత డిలోర్మ్‌కే చెందాలి.