ఓస్లోలో భూమి కదిలిన ఆదివారం

నేను బడిలో చదివింది తమిళం. తెలుగు అమ్మ నోటినుంచి వచ్చింది, రాయడం నలభై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి.

మొన్న మనవడు ఫోనులో ఒక నార్వే సినిమా పెట్టి "తాతా, నువ్వూ చూడు" అని పక్కన కూర్చోబెట్టాడు. 2018లో వచ్చిన సినిమా, ఇంగ్లీషులో పేరు 'ద క్వేక్'. ఓస్లో నగరంలో భూకంపం వస్తుంది, పెద్ద హోటల్ భవనం పక్కకు ఒరిగిపోతుంది. క్రిస్టియన్ అనే భూగర్భ నిపుణుడు ముందే పసిగట్టి చెబుతాడు, ఎవరూ వినరు. దీనికి ముందు 2015లో 'ద వేవ్' వచ్చింది. అందులో కొండ విరిగి ఫియర్డ్‌లో, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, పడి అల లేస్తుంది. అప్పుడు కాపాడలేకపోయినవాళ్ళ ఫోటోలు గోడకు అంటించుకుని, ఇంట్లోవాళ్ళకు దూరంగా ఒంటరిగా బతుకుతుంటాడు ఈయన. నాకు ఆ గోడే బాగా గుర్తుండిపోయింది, కూలే భవనాలు కాదు.

వాడు "అక్కడ నిజంగా భూకంపం వస్తుందా తాతా?" అన్నాడు. వచ్చింది. సినిమాలోనే ఆ మాట ఉంది. పెన్షన్ మనిషిని, పొద్దుపోదు, కూర్చుని చదివాను.

1904 అక్టోబరు 23, ఆదివారం, పొద్దున పదకొండున్నర వేళ. అప్పటికి ఆ ఊరి పేరు క్రిస్టియానియా, ఓస్లో అయింది 1925లో. నార్వే ఇంకా స్వీడన్ రాజు కిందే ఉంది, విడిపోయింది మరుసటి ఏడు. జనం చాలామంది చర్చీల్లో ప్రార్థనలో ఉన్నారు. అప్పుడు భూమి కదిలింది. గోడలు నెర్రెలిచ్చాయి, ఇళ్ళమీది పొగగొట్టాలు కూలాయి, జనం తోసుకుంటూ బయటికి పరుగెత్తారు. తీవ్రత 5.4. కేంద్రం నగరంలో కాదు, దక్షిణాన ఓస్లో ఫియర్డ్ సముద్రంలో కలిసే వైపు. దాదాపు 8 లక్షల చదరపు కిలోమీటర్ల మేర జనానికి తెలిసిందట. అయినా ప్రాణాలు పోలేదు. అందుకే ఆ ఊరు దాన్ని మరిచిపోయిందని నా అభిప్రాయం. శవం లేని ప్రమాదానికి ఫైలు తొందరగా మూస్తారు, రైల్వేలో ముప్పై ఏళ్ళు చూశాను.

ఫైలు మూయని మనిషి ఒకాయన ఉన్నాడు. బెర్గెన్ మ్యూజియంలో కోల్డెరప్ అనే భూగర్భ శాస్త్రవేత్త. నార్వేలో 1880ల చివరినుంచే భూమి కదిలితే జనానికి ప్రశ్నల కాగితాలు పంపి జవాబులు రాబట్టే అలవాటు ఉంది. ఎన్ని గంటలకు, ఎంతసేపు, శబ్దం వచ్చిందా, సామాను కదిలిందా అని. అలా వచ్చిన జవాబులతో ఈయన 1904 భూకంపంమీద మరుసటి ఏడే పెద్ద నివేదిక అచ్చువేశాడు. బెర్గెన్‌లో భూకంపలేఖిని పెట్టింది కూడా 1905లోనే. వందేళ్ళు దాటాక శాస్త్రవేత్తలు కేంద్రం ఎక్కడో మళ్ళీ లెక్కకట్టినప్పుడు, యూరప్ యంత్రాల గీతలతో పాటు ఈ కాగితాలే పనికొచ్చాయి. గుమాస్తా పని అని చులకనగా అంటారే, అదీ పని.

మరి సినిమా అంతా నిజమేనా? కాదు. ఓస్లో కింద పాత చీలిక ఉన్న మాట నిజం, సుమారు 30 కోట్ల ఏళ్ళనాటిది. కానీ భూకంప తీవ్రతలో ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 5.4కు మేడలు అలా ఒరిగిపోవు. అక్కడి అసలు భయం బంకమట్టి. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న మట్టి, మంచుభారం తగ్గి నేల పైకి లేచాక బయటపడింది. వానలకు అందులోని ఉప్పు కడుక్కుపోతే పట్టు పోతుంది, కదిపితే మజ్జిగలా జారుతుంది. 1893లో వెర్డాల్‌లో అలా జారి 116 మంది పోయారు. మొన్న 2020 డిసెంబరు 30న ఓస్లోకు దగ్గరి యెర్‌డ్రుమ్‌లో ఇళ్ళు తెల్లవారకముందే కిందికి పోయాయి, 10 మంది చనిపోయారు. కొండ విరిగి అల లేవడమూ కల్పన కాదు. 1934 ఏప్రిల్ 7న టాఫ్యోర్డ్‌లో 40 మందిని అల తీసుకుపోయింది. 'ద వేవ్'లో చూపిన ఓక్నేసెట్ కొండను ఈరోజుకీ పరికరాలతో కనిపెట్టుకుని ఉన్నారు.

ఇదంతా మనకెందుకు అంటారేమో. 2001 సెప్టెంబరు 25 రాత్రి ఎనిమిదిన్నరకు పుదుచ్చేరి దగ్గర సముద్రంలో వచ్చిన భూకంపం తీవ్రత సుమారు 5.5. అంటే ఓస్లోదాని లెక్కే. నేను మద్రాసులో డ్యూటీలో ఉన్నాను. బల్లమీద టీ గ్లాసు కదిలితే గూడ్సు బండి అనుకున్నాను. చూస్తే ఏ లైనులోనూ బండి లేదు. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ పిల్లలతో వీధిలో నిలబడి ఉంది, లోపలికి రానంది. మూడేళ్ళకు సునామీ వచ్చాక ఆ రాత్రి సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎక్కడా రాసిపెట్టలేదు.

కాబట్టి చెన్నై, కడలూరు, పుదుచ్చేరి వైపు ఉన్న మనవాళ్ళు కింద రాయండి. ఆ రాత్రి ఎక్కడున్నారు, ఏం కదిలింది, ఏ శబ్దం విన్నారు. తమిళంలో రాసినా సరే, నేను తెలుగులోకి ఎత్తిరాస్తాను.