కణశ్వాసక్రియ పరిశోధనా చరిత్రలో యల్లాప్రగడ సుబ్బారావు స్థానం

శ్వాసక్రియ ఒక విధమైన నెమ్మది దహనమని 18వ శతాబ్ది చివర ఫ్రెంచి శాస్త్రవేత్త లవోయిజర్ ప్రతిపాదించాడు. అయితే పొయ్యిలో కట్టె కాలితే శక్తి వేడిగా వెలువడిపోతుంది. జీవకణం మాత్రం ఆ శక్తిలో కొంత భాగాన్ని నిలువ చేసుకొని అవసరానికి వాడుకోగలదు. ఆ నిలువ ఏ రూపంలో ఉంటుందన్నది 1920ల తొలినాళ్ల వరకూ తేలని ప్రశ్న. కండరసంకోచానికి లాక్టిక్ ఆమ్లం ఏర్పడటమే మూలమని నాటి శాస్త్రజ్ఞుల ప్రబలమైన అభిప్రాయం.

1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావు హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ద్రావణంలో ఏర్పడే నీలిరంగు గాఢతను బట్టి భాస్వర పరిమాణాన్ని నిర్ణయించడం ఈ పద్ధతి సారాంశం. కండర సారంతో పరీక్షించినప్పుడు ఆ రంగు వెంటనే పూర్తిగా రాక, క్రమంగా చిక్కబడింది. దీనిని పద్ధతిలోని లోపంగా వారు కొట్టివేయలేదు. ఆమ్లంలో సులభంగా విడిపోయే భాస్వర సమ్మేళనం ఏదో కండరంలో ఉందని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించారు. కండరం పని చేసినప్పుడు అది తగ్గుతుంది, విశ్రాంతిలో తిరిగి పెరుగుతుంది. అదే ఏడాది ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఇటువంటి పదార్థాన్నే గుర్తించారు.

1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్కే, సుబ్బారావులు వేర్వేరుగా ఏటీపీని ప్రకటించారు. ముందుగా అచ్చయినది లోమన్ వ్యాసం. లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండానే కండరం సంకోచించగలదని 1930లో లుండ్స్‌గార్డ్ నిరూపించడంతో పాత సిద్ధాంతం కూలిపోయింది. శ్వాసక్రియకూ ఏటీపీ పునర్నిర్మాణానికీ ఉన్న సంబంధాన్ని ఆ దశాబ్ది ఆరంభంలోనే ఎంగెల్‌హార్ట్ పక్షుల రక్తకణాలలో చూపాడు. కణంలో శక్తి బదిలీకి ఏటీపీయే ప్రధాన వాహకమన్న అవగాహనకు 1941లో లిప్‌మన్ సమగ్ర రూపమిచ్చాడు.

తెలుగులో వెలువడే పరిచయ వ్యాసాలు కొన్ని సుబ్బారావును ఏటీపీకి ఏకైక ఆవిష్కర్తగా కీర్తిస్తాయి. ఈ అతిశయోక్తి లోమన్‌కు, ఫిస్కేకు అన్యాయం చేయడమే కాక సుబ్బారావు అసలు ప్రతిభను కూడా మరుగుపరుస్తుంది. సరైన కొలమానాన్ని రూపొందించడం, ఆ కొలతలో కనిపించిన చిన్న తేడాను నిర్లక్ష్యం చేయకపోవడం ఆయన విశిష్టత. ఏటీపీని ముందుగా ప్రకటించినది ఎవరన్న వివాదంతో నిమిత్తం లేకుండానే, ఈ కృషి ఒక్కటే కణశక్తి పరిశోధనా చరిత్రలో ఆయనకు సుస్థిర స్థానాన్ని కల్పిస్తుంది.