జాగీరు సొత్తు నుంచి జాతీయ సంస్థగా: సాలార్‌జంగ్ మ్యూజియం – నిధులు, యాజమాన్యం, సందర్శకులు

వ్యాససంగ్రహం:

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ఏకవ్యక్తి సేకరణగా వర్ణించడం పరిపాటి. ఈ వర్ణన సేకరణకు వర్తిస్తుంది గాని సంస్థకు వర్తించదు. 1949లో వారసులు లేని ఒక జాగీర్దారు ఆస్తిగా మిగిలిన వస్తుసముదాయం 1961 నాటికి పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా మారింది. ఆ పన్నెండేళ్ళలో ఆస్తి ఎవరిది, దాని పోషణభారం ఎవరిది అనే ప్రశ్నలు ఎలా తేలాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ సేకరణకు మూలధనమైన జాగీరు రాబడికీ, ఆ తరువాత దానిని నిలబెట్టిన సామాన్య సందర్శకులకూ మ్యూజియం చరిత్రలో దక్కవలసిన స్థానాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: సాలార్‌జంగ్ మ్యూజియం, దివాన్ దేవిడీ, జాగీరు రద్దు, జాతీయ ప్రాముఖ్యం, సందర్శకులు.

1. ప్రవేశిక

మన విశ్వవిద్యాలయాల్లో మ్యూజియంలను గురించిన పరిశోధన ప్రధానంగా వస్తువుల చుట్టూ తిరుగుతుంది. శిల్పం ఏ శతాబ్దిది, శాసనం ఏ రాజుది, లఘుచిత్రం ఏ శైలిది అన్న విచారణ మనకు బాగా అలవాటు. ఆ వస్తువు ఉన్న గదికి పైకప్పు ఎవరు వేశారు, దానికి కాపలా ఉన్నవారి జీతం ఎక్కడి నుంచి వస్తుంది, దానిని చూడడానికి ఎవరు వస్తున్నారు అన్న ప్రశ్నలను పాలనాసంబంధమైన విషయాలుగా పక్కన పెడతాం. ఒక సంస్థ చరిత్ర మాత్రం ఈ ప్రశ్నలలోనే ఉంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియం విషయంలో ఇది మరింత స్పష్టం. అక్కడి వస్తువుల్లో చాలా భాగానికి ఈ నేలతో పుట్టుక సంబంధం లేదు. అవి ఇక్కడికి రావడానికి, ఇక్కడే నిలవడానికి కారణాలను ఈ నేల చరిత్రలోనే వెదకాలి.

2. సేకరణ – దాని వెనుక ఉన్న రాబడి

సాలార్‌జంగ్ వంశంలో మూడు తరాలవారు నిజాం ప్రభుత్వంలో దివాన్ పదవిని నిర్వహించారు. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ 1853 నుంచి 1883లో మరణించేదాకా దివానుగా ఉన్నాడు. 1876లో యూరపు వెళ్ళినప్పుడు రోములో ఆయన కొన్న 'మేలిముసుగు రెబెకా' పాలరాతి శిల్పం నేటికీ మ్యూజియంలోని ముఖ్యాకర్షణలలో ఒకటి. ఇటాలియన్ శిల్పి జొవాన్ని మారియా బెంజోని రచన అది. రెండవ సాలార్‌జంగ్ మీర్ లాయఖ్ అలీఖాన్ స్వల్పకాలమే పదవిలో ఉండి 1889లో మరణించాడు. అదే సంవత్సరం పుట్టిన మీర్ యూసుఫ్ అలీఖాన్ మూడవ సాలార్‌జంగ్. కొద్ది వారాల పసికందుగా ఉన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నాడు.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1912లో ఇరవైమూడేళ్ళ యూసుఫ్ అలీఖాన్‌ను దివానుగా నియమించాడు. 1914లో ఆయన ఆ పదవి నుంచి వైదొలిగాడు. ఆపైన నిజాం కొన్నేళ్ళు దివాను లేకుండా తానే పాలన సాగించాడు. పదవి పోయిన ఆ యువ జాగీర్దారు తరువాతి ముప్ఫై అయిదేళ్ళు వస్తుసేకరణలో గడిపాడు. చైనా పింగాణీ, జపాను లక్కపని, ఫ్రెంచి గడియారాలు, మొగలాయి జేడు వస్తువులు, అరబ్బీ పారశీక రాతప్రతులు, దక్కనీ చిత్రాలు దివాన్ దేవిడీకి చేరాయి. నేడు మ్యూజియంలో ఉన్న వస్తువుల సంఖ్య 40,000కు మించింది. ఇన్ని దేశాల, ఇన్ని కాలాల వస్తువులు ఒకచోట ఉండడానికి ఏ శాస్త్రీయ ప్రణాళికా కారణం కాదు. ఒక మనిషి అభిరుచి, ఆ అభిరుచిని తీర్చగల ధనం మాత్రమే కారణం.

ఆ ధనం ఎక్కడిది? మ్యూజియంను గురించిన ప్రచార రచనలు ఈ ప్రశ్న దగ్గర సాధారణంగా ఆగవు. సాలార్‌జంగులు నిజాం రాజ్యంలోని పెద్ద జాగీర్దారులలో ఉన్నవారు. నేడు కర్ణాటకలో ఉన్న కొప్పళ ప్రాంతం వారి జాగీరే. జాగీరు అంటే శిస్తు వసూలు హక్కు. కనుక దివాన్ దేవిడీలోని ప్రతి వస్తువు వెనుకా ఏదో ఒక గ్రామంలో రైతు కట్టిన శిస్తు ఉంది. నిధుల చరిత్ర రాయదలచినవారు మ్యూజియం మొదటి పోషకులుగా ఆ రైతులను పేర్కొనవలసి ఉంటుంది. వారి పోషణ వారి ఇష్టంతో జరిగింది కాదు. వారు ఆ వస్తువులను చూసినవారూ కారు. దీనిని నిష్ఠూరంగా అనడం లేదు. యూరపులోని అనేక ప్రఖ్యాత మ్యూజియంల మూలధనం కూడా ఇటువంటిదే. అయితే అక్కడి మ్యూజియంలు బానిస వ్యాపారం, వలస దోపిడి వంటి తమ మూలధన చరిత్రను ప్రదర్శనలో భాగం చేయడం ఇటీవలి దశాబ్దాలలో మొదలైంది. మన దగ్గర జాగీరు చరిత్ర ఒక విభాగానికి, మ్యూజియం చరిత్ర మరో విభాగానికి చెందినవిగా ఉండిపోయాయి.

3. 1949: వారసుడు లేని ఆస్తి

మూడవ సాలార్‌జంగ్ 1949 మార్చి 2న మరణించాడు. ఆయన అవివాహితుడు. ఈ తేదీని హైదరాబాదు చరిత్రలో నిలిపి చూడాలి. పోలీసు చర్య జరిగి ఆరు నెలలు కూడా కాలేదు. రాజ్యం సైనిక గవర్నరు పాలనలో ఉంది. తెలంగాణ గ్రామాలలో రైతాంగ సాయుధ పోరాటం సాగుతోంది. ఆయన మరణించిన అయిదు నెలలకు, 1949 ఆగస్టు 15న, జాగీర్ల రద్దు శాసనం అమలులోకి వచ్చింది. అంటే సేకరణకర్త, ఆ సేకరణకు ఆధారమైన ఆర్థిక వ్యవస్థ ఒకే సంవత్సరంలో అంతరించాయి.

ఈ యాదృచ్ఛికత ఫలితం గురించి ఆలోచించవలసి ఉంది. ప్రత్యక్ష వారసుడు ఉండి ఉంటే, శిస్తు రాబడి ఆగిపోయిన అనేక జాగీర్దారు కుటుంబాలు చేసినట్లే, ఆయన కూడా వస్తువులను ఒక్కొక్కటిగా అమ్ముకొని ఉండేవాడని ఊహించవచ్చు. హైదరాబాదు దేవిడీల సామగ్రి ఎంత పాత బజారు దుకాణాలకు, అక్కడి నుంచి ఎక్కడెక్కడికో చేరిందో నగరవాసులకు తెలిసినదే. వారసుడు లేకపోవడం వల్ల ఆస్తి నిర్వహణ సాలార్‌జంగ్ ఎస్టేటు కమిటీ చేతికి వచ్చింది. బంధువుల హక్కులు న్యాయస్థానంలో తేలవలసి ఉన్నందున వస్తువులను పంచడానికీ అమ్మడానికీ వీలు లేకపోయింది. ఒక సేకరణ చెదిరిపోకుండా నిలవడానికి వివాదం తోడ్పడిన సందర్భం ఇది.

వస్తువులను మ్యూజియంగా ఏర్పరచాలన్న ఆలోచన నాటి పాలనాధికారి ఎం.కె. వెల్లోడిది. దాని కూర్పుబాధ్యత కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల ద్వారా తెలుగువారికి పరిచితుడైన ఐరిష్ కవి ఈయనే. మైసూరు, తిరువనంతపురం చిత్రశాలల ఏర్పాటులో ఆయనకు అప్పటికే అనుభవం ఉంది. రెండూ సంస్థానాధీశుల ప్రాపకంలో ఏర్పడినవి. హైదరాబాదులో మాత్రం ఆయన పని ఒక సంస్థానం అంతరించిన తరువాత జరిగింది. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. అవి దేశంలో తొలి సార్వత్రిక ఎన్నికలు జరుగుతున్న రోజులు. దివాను గారి గదుల్లోకి ఓటరు అడుగుపెట్టిన సందర్భమది.

4. 'జాతీయ ప్రాముఖ్యం' – ఒక ఆర్థిక భావన

1958 దాకా మ్యూజియం ఎస్టేటు కమిటీ అధీనంలోనే ఉంది. ఆ సంవత్సరాంతంలో హైకోర్టు ద్వారా కుదిరిన రాజీ ఒప్పందం ప్రకారం వారసులు సేకరణను భారత ప్రభుత్వానికి దానంగా ఇచ్చారు. కొంతకాలం కేంద్రమే నేరుగా నిర్వహించింది. తరువాత 1961 నాటి 26వ చట్టం ద్వారా పార్లమెంటు మ్యూజియాన్నీ గ్రంథాలయాన్నీ జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది.

'జాతీయ ప్రాముఖ్యం' అన్న మాట వినగానే కళాత్మకమైన విలువ స్ఫురిస్తుంది. ఆ మాట వచ్చిన చోటును చూస్తే వేరే అర్థం తెలుస్తుంది. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు, కేంద్ర జాబితాలోని 62వ అంశం కలకత్తాలోని నేషనల్ లైబ్రరీ, ఇండియన్ మ్యూజియం, విక్టోరియా మెమోరియల్ వంటి కొన్ని సంస్థలను పేర్కొని, అటువంటి ఇతర సంస్థలకూ అవకాశం ఇచ్చింది. దానికి రెండు షరతులు. భారత ప్రభుత్వం ఆ సంస్థకు పూర్తిగానో పాక్షికంగానో నిధులు సమకూర్చాలి; పార్లమెంటు చట్టం ద్వారా దానిని జాతీయ ప్రాముఖ్యం కలదిగా ప్రకటించాలి. అంటే నిధి ముందు, ప్రాముఖ్యం తరువాత. కేంద్రం ఖర్చు భరించని సంస్థ ఎంత గొప్పదైనా ఈ జాబితాలో చేరలేదు. గ్రంథాలయాలు, మ్యూజియంలు సాధారణంగా రాష్ట్ర జాబితాలోనివి. 1956 పునర్విభజనలో పాత హైదరాబాదు రాష్ట్రం మూడు భాగాలై, సాలార్‌జంగుల పూర్వపు జాగీరు గ్రామాలు కొన్ని మైసూరుకు పోయిన స్థితిలో, ఈ సేకరణ ఏ ఒక్క రాష్ట్రానిది అన్న ప్రశ్నకు కేంద్ర యాజమాన్యం ఒక సమాధానమైంది. శాసనకర్తల ఉద్దేశం ఇదేనని నా వాదన కాదు. ఫలితం మాత్రం అదే.

ట్రస్టీల మండలి నిర్మాణం కూడా ఇక్కడ గమనించదగినది. రాష్ట్ర గవర్నరు హోదారీత్యా అధ్యక్షుడు. మిగిలిన పదిమంది సభ్యులు కేంద్ర ప్రభుత్వానికి, రాష్ట్ర ప్రభుత్వానికి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ప్రాతినిధ్యం వహిస్తారు. ఒక స్థానం సాలార్‌జంగ్ కుటుంబానిది. దానం చేసిన కుటుంబానికి చట్టం శాశ్వతంగా ఒక కుర్చీ కేటాయించింది. విశ్వవిద్యాలయానికి స్థానం ఇవ్వడంలో పరిశోధకుల హక్కును గుర్తించింది. సందర్శకులకు మాత్రం నేరుగా స్థానం లేదు. 1961 నాటి ప్రభుత్వ దృష్టిలో ప్రజలంటే ప్రభుత్వమే కాబట్టి అది సహజంగానే తోచి ఉంటుంది. 2014 తరువాత అధ్యక్షస్థానం తెలంగాణ గవర్నరుదైంది. మండలి స్వరూపాన్ని గురించిన చర్చ మాత్రం ఆ సందర్భంలో కూడా జరిగినట్లు కనబడదు.

దానంగా వచ్చిన సేకరణకూ, కొనుగోలు చేసిన సేకరణకూ ఉన్న భేదాన్ని తెలుసుకోవడానికి నిజాం ఆభరణాలను పోల్చి చూడవచ్చు. నిజాం ట్రస్టుల నుంచి 173 ఆభరణాలను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. యాజమాన్యం నిస్సందేహంగా ప్రజలది. అయితే వాటికంటూ ఒక మ్యూజియం, ఒక మండలి, ఒక చట్టం ఏర్పడలేదు. అవి రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉంటూ అప్పుడప్పుడూ ప్రదర్శనకు వచ్చాయి. హైదరాబాదుకు వచ్చినప్పుడు ఆతిథ్యమిచ్చినది సాలార్‌జంగ్ మ్యూజియమే. వస్తువును సంపాదించడానికి ఒకసారి ధనం వెచ్చిస్తే చాలు. దానిని జనానికి చూపించడానికి ఏటేటా వెచ్చించాలి. మన విధాన రచనలలో ఈ రెండవ ఖర్చుకు దక్కే శ్రద్ధ తక్కువ.

5. గడియారం ముందు జనం

1968లో మ్యూజియం దివాన్ దేవిడీ నుంచి మూసీ దక్షిణపు ఒడ్డున కట్టిన కొత్త భవనానికి మారింది. తరువాతి కాలంలో ఇరువైపులా మీర్ తురాబ్ అలీఖాన్, మీర్ లాయఖ్ అలీఖాన్‌ల పేర్లతో రెండు భవనాలు చేరాయి. వస్తువులు వెళ్ళిపోయిన దివాన్ దేవిడీ చాలావరకు కూలిపోయింది. ఆ స్థలంలో దుకాణ సముదాయాలు వెలిశాయి. సింహద్వారం ఆనవాలు మిగిలింది. ప్రజల పరమైన వస్తువులు నిలిచాయి, ప్రజల పరం కాని ఇల్లు నిలవలేదు.

కొత్త భవనంలో జనం అత్యధికంగా గుమిగూడే చోటు చిత్రశాలా కాదు, రాతప్రతుల విభాగమూ కాదు, సంగీత గడియారం. విడిభాగాలు ఇంగ్లండులో తయారై, కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ కూర్చిన ఈ గడియారంలో ప్రతి గంటకూ ఒక చిన్న బొమ్మ తలుపు తీసుకొని వచ్చి, గంట కొట్టి, లోపలికి వెళ్ళిపోతుంది. దానికి ముందు అయిదు పది నిమిషాల నుంచే జనం చేరుతారు. మధ్యాహ్నం పన్నెండు గంటలకైతే నిలబడే చోటు దొరకదు. పన్నెండు దెబ్బలు వినాలని అందరి కోరిక.

కళాచరిత్రకారులు ఈ దృశ్యాన్ని కొంచెం చిన్నచూపుతో చూడడం ఉంది. అమూల్యమైన జేడు కత్తులను దాటిపోయి జనం ఒక యంత్రపు బొమ్మ కోసం ఎగబడుతున్నారన్నది వారి ఫిర్యాదు. పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని గురించి కూడా ఇటువంటి ఫిర్యాదే వినబడుతుంది. నా దృష్టిలో ఈ ఫిర్యాదు నిలవదు. సామాన్యులు మ్యూజియంను తమదైన మాటలతో, తమదైన అవసరాలతో స్వీకరిస్తారు. మద్రాసు వెళ్ళివచ్చిన తెలుగువారు అక్కడి మ్యూజియాన్ని 'చచ్చిన కాలేజి' అనీ, జంతుప్రదర్శనశాలను 'బతికిన కాలేజి' అనీ పిలుచుకున్నారు. ఆ పేర్లలో ఎగతాళి ఉందేమో గాని, అది విద్యాస్థానమన్న గుర్తింపు కూడా ఉంది. గడియారం ముందు నిలబడ్డ జనసందోహమే ప్రభుత్వ నిధులకు సమర్థన. రాతప్రతుల విభాగానికి ఏడాదికి వచ్చే పరిశోధకుల సంఖ్యను చూపి ఏ మ్యూజియమూ తన బడ్జెటును నిలబెట్టుకోలేదు. ఆ విధంగా చూస్తే పారశీక రాతప్రతి చదువుకొనే పరిశోధకుడు ఆ గడియారపు బొమ్మకు ఋణపడి ఉన్నాడు.

గడియారం దాకా వచ్చిన సందర్శకుడిని పక్క గదికి తీసుకుపోవడం ఎలాగన్నది వేరే ప్రశ్న. మ్యూజియం వస్తువులు కొన్ని గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్ వేదికపై చేరడం వల్ల అమెరికాలోని తెలుగు విద్యార్థి కూడా వాటిని చూడగలుగుతున్నాడు. ఇది మంచి పరిణామమే. అయితే దూరంగా ఉన్నవారిని చేరడం కంటె దగ్గర ఉన్నవారిని చేరడం కష్టం. ఒక చిన్న విషయం చాలు. దేశంలో అనేక మ్యూజియంలకు సోమవారం సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం. నిజాం రాజ్యంలో వారపు సెలవు శుక్రవారమే కనుక ఈ ఏర్పాటులో పాత నగరపు రివాజు ఛాయ కనబడుతుంది. పాతబస్తీలో శుక్రవారం పని మానే చేతివృత్తులవారికి, చిరువ్యాపారులకు తీరిక దొరికే రోజున తమ ఇంటికి కూతవేటు దూరంలోని మ్యూజియం మూసి ఉంటుంది. ఆదివారపు సందర్శకులలో పాతబస్తీ వారెందరు, ఇతర జిల్లాల నుంచి వచ్చినవారెందరు అన్నది టిక్కెట్ల లెక్కలో తేలదు. టిక్కెట్టు మీద ఊరి పేరు ఉండదు. ద్వారం దగ్గర కొన్ని వారాలపాటు ఒక పరిశోధక విద్యార్థి నిలబడి అడిగితే తేలుతుంది.